సాంప్రదాయిక మత్స్యకారుల ఉద్యమం (భారతదేశం)

సాంప్రదాయిక మత్స్యకారుల ఉద్యమం అనగా భారతదేశ తీరప్రాంతంలో తెప్పలు, నాటు పడవలు, చిన్న వలలతో చేపలవేట సాగించే ప్రజలు 1970వ దశకం నుండి తమ జీవనోపాధి కోసమూ, సముద్రసంపద రక్షణ కోసమూ నడుపుతున్న పోరాటాల సమాహారం. గోవా, కేరళ, తమిళనాడు తీరాలలో మొదలైన ఈ ఉద్యమం క్రమంగా దేశవ్యాప్త సంఘంగా రూపొందినది. మర పడవల నియంత్రణ, వర్షాకాలపు వేట నిషేధం, విదేశీ నౌకల అనుమతుల రద్దు, తీరభూముల పరిరక్షణ ఈ ఉద్యమపు ముఖ్యమైన కోరికలు. ఇటీవలి కాలంలో వాతావరణ మార్పు వలన కలిగే నష్టాలలో న్యాయం కావాలన్న కోరిక వీటితో కలిసినది. కొద్దిమంది ఎక్కువగా పట్టుకొనే సముద్రం కంటే ఎక్కువమంది కొద్దిగా పట్టుకొనే సముద్రమే ఎక్కువకాలం నిలుస్తుందన్నది ఈ ఉద్యమానికి మూలమైన వాదన.

నేపథ్యం

మర పడవలు రాకముందు సముద్రపు వేట గాలిమీద, పోటుపాటుల మీద, తెడ్డు వేసే చేతిమీద ఆధారపడి ఉండేది. తూర్పు తీరంలో దుంగలను తాళ్ళతో కట్టిన తెప్ప ప్రధాన సాధనం. ఇంగ్లీషు భాషలోని "కాటమరాన్" అనే మాట తమిళుల "కట్టుమరం" నుండి వెళ్ళినదే. వేట పూర్తయిన తరువాత తెప్పను విప్పి దుంగలను ఒడ్డున ఆరబెట్టుకొనేవారు. పశ్చిమ తీరంలో తొలిచిన దోనెలు, గోవాలో ఊరంతా కలిసి ఒడ్డుకు లాగే "రాంపణ" అనే పెద్ద వలలు వాడుకలో ఉండేవి. ఆంధ్ర తీరంలో ఇటువంటి వలను అలివి వల అంటారు. ఏ కాలంలో ఏ చేప వస్తుంది, ఏ లోతులో ఏ వల వేయాలి అన్న జ్ఞానం తరతరాలుగా నోటిమాటగా సంక్రమించినది. ఆధునిక శాస్త్రం కూడ ఈ జ్ఞానాన్ని ఉపయోగించుకొన్నది. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వివరాలతో 1803లో ఒక గ్రంథం ప్రచురించినపుడు చాలా చేపలకు స్థానికుల నోట విన్న పేర్లనే వ్రాసుకొన్నాడు. కానాగంత చేప శాస్త్రీయ నామంలోని "కనగుర్త" అనే మాట ఆ విధంగా వచ్చినదే.

స్వాతంత్ర్యానంతరం ఉత్పత్తి పెంచాలన్న ఉద్దేశంతో 1952లో భారతదేశం, నార్వే, ఐక్యరాజ్యసమితి ఒక ఒప్పందం చేసుకొన్నాయి. దీని ప్రకారం 1953లో కేరళలోని కొల్లం సమీపాన నీండకర ప్రాంతంలో ఇండో-నార్వేజియన్ పథకం ప్రారంభమైనది. స్థానిక మత్స్యకారుల పడవలను మెరుగుపరచటం, ఆరోగ్యం, పారిశుద్ధ్యం దీని తొలి లక్ష్యాలు. అయితే అమెరికా, జపాన్ దేశాలలో రొయ్యలకు గిరాకీ పెరగటంతో 1960వ దశకంలో పథకం దారి మారినది. సముద్రపు అడుగున రొయ్యలు పట్టే ట్రాలర్లు వేగంగా పెరిగాయి. వాటి యజమానులలో చాలామంది వేట వృత్తికి చెందనివారు.

ట్రాలింగు ఎందుకు వివాదమైనది?

ట్రాలు వల సంచి ఆకారంలో ఉంటుంది. దాని మూతి తెరచుకొని ఉండటానికి రెండు ప్రక్కల బరువైన పలకలు కట్టి, ఇంజను శక్తితో సముద్రపు అడుగున ఈడ్చుకొని పోతారు. దీనివలన మూడు రకాల నష్టాలు కలుగుతాయని సాంప్రదాయిక మత్స్యకారులు ఆరోపించారు.

* సంచి చివరి కన్నులు సన్నగా ఉండటంతో రొయ్యలతో పాటు చేపపిల్లలు కూడ పెద్దమొత్తంలో పడతాయి. అమ్ముడుపోని వాటిని సముద్రంలో పారవేస్తారు, లేక కోళ్ళ మేతకు, ఎరువుకు పంపుతారు.
* పలకలు, గొలుసులు అడుగుభాగాన్ని దున్నినట్లు కలచివేస్తాయి. చేపలకు ఆహారమైన చిన్న జీవులు, గ్రుడ్లు నిలిచే స్థలాలు దెబ్బతింటాయి.
* రొయ్యలు ఎక్కువగా దొరికేది తీరానికి దగ్గరి లోతులేని నీటిలో. చిన్న పడవలవారు వలలు వేసేదీ అక్కడే. రాత్రి వేసి ఉంచిన వలల మీదుగా ట్రాలరు వెళ్ళితే వల తెగిపోతుంది. వల అప్పు తెచ్చి కొన్నది గనుక ఒక్క రాత్రితో కుటుంబం అప్పులపాలవుతుంది.

మూడవ కారణమే మొదట ఘర్షణలకు దారితీసినది. 1970వ దశకంలో తమిళనాడు, గోవా, కేరళ తీరాలలో సముద్రం మీదనే కొట్లాటలు, పడవల దహనాలు జరిగాయి, ప్రాణనష్టం కూడ సంభవించినది.

సంఘాల పుట్టుక

గోవాలో రాంపణకారులు తీరానికి దగ్గరలో ట్రాలర్లను నిషేధించాలని కోరుతూ సంఘంగా ఏర్పడ్డారు. ఉపాధ్యాయుడైన మథానీ సల్దానా వీరికి నాయకుడు. వివిధ రాష్ట్రాల సంఘాలు 1978లో ఒక జాతీయ వేదికగా కలిసినపుడు ఆయనే దానికి మొదటి అధ్యక్షుడు. ఈ వేదికే తరువాత జాతీయ మత్స్య శ్రామికుల వేదికగా పేరొందినది. మొదట "మత్స్యకారుడు" అనే అర్థంలో పురుషులకే వర్తించే ఇంగ్లీషు పదం వాడి, తరువాత "మత్స్య శ్రామికులు" అని మార్చుకొన్నారు. చేపలు అమ్మే, ఎండబెట్టే, వలలు అల్లే స్త్రీలు కూడ ఈ వృత్తివారే అన్నది ఆ మార్పులోని ఉద్దేశం.

కేరళలో క్రైస్తవ మత సంస్థల పరిధిలో మొదలైన సంఘాలు క్రమంగా మతంతో నిమిత్తం లేని స్వతంత్ర కార్మిక సంఘంగా మారాయి. ఫాదర్ థామస్ కోచేరి (మరణం: 2014 మే 3) ఈ దశలో ముఖ్య నాయకుడు.

కేంద్ర ప్రభుత్వం మజుందార్ కమిటీని నియమించి, 1979లో ఒక నమూనా చట్టాన్ని రాష్ట్రాలకు పంపినది. భారత చట్టం ప్రకారం తీరం నుండి 12 నాటికల్ మైళ్ళు (సుమారు 22 కి.మీ.) వరకు వేట రాష్ట్రాల అధికార పరిధిలోనిది. కనుక చట్టాలు రాష్ట్రాలవారీగా వచ్చాయి. కేరళ, గోవాలలో 1980లో, ఒడిశాలో 1982లో, తమిళనాడులో 1983లో, ఆంధ్రప్రదేశ్‌లో 1994లో సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టాలు చేశారు. తీరానికి దగ్గరి జలాలను చిన్న పడవలకు ప్రత్యేకించటం వీటి సారాంశం. ఈ హద్దు గోవాలో 5 కి.మీ. కాగా ఆంధ్రప్రదేశ్‌లో 8 కి.మీ. అయితే సముద్రంలో గీత గీయటం సాధ్యం కాదు. కాపలా పడవలు కొద్దిగా ఉన్నచోట హద్దు కాగితంమీదనే మిగిలినది.

వర్షాకాలపు నిషేధం

నైరుతి రుతుపవనాల కాలంలో ట్రాలింగు ఆపాలన్నది కేరళ ఉద్యమపు ప్రధానమైన కోరిక. అనేక చేపలు గ్రుడ్లు పెట్టే కాలం అది. పైగా వర్షాకాలంలో కేరళ తీరాన కొన్నిచోట్ల "చాకర" అనే బురద తిన్నెలు ఏర్పడతాయి. ఇవి అలల తాకిడిని అణచివేయటం వలన అక్కడ సముద్రం చెరువువలె ప్రశాంతంగా ఉండి చేపలు గుమిగూడుతాయి. ఏడాది మొత్తంలో చిన్న పడవలవారికి మంచి రాబడి వచ్చేది ఈ రోజులలోనే.

ట్రాలరు యజమానుల వాదన వేరు. నీండకర తీరంలో "కరిక్కాడి" అనే రొయ్య వర్షాకాలంలోనే విస్తారంగా లభిస్తుంది. అప్పుడు పట్టకపోతే అది లోతైన జలాలకు పోయి ఎవరికీ దక్కదని, ఎగుమతులూ కూలీల ఉపాధీ దెబ్బతింటాయని వారు వాదించారు. ప్రభుత్వం ఒకదాని తరువాత ఒకటిగా బాబుపాల్, కలావర్, బాలకృష్ణన్ నాయర్ కమిటీలను నియమించినది. మొదటి కమిటీలో నిపుణులు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. సత్యాగ్రహాలు, నిరాహారదీక్షలు, రహదారుల దిగ్బంధాలు కొనసాగాయి. చివరకు 1988లో కేరళ ప్రభుత్వం నిషేధాన్ని అమలులోకి తెచ్చినది. మొదట నీండకరకు మినహాయింపు ఇచ్చి, తరువాత దానినీ చేర్చారు. తీరజలాలలో కొన్ని రకాల పెద్ద వలలను నిషేధించిన కేరళ ఉత్తర్వులను సుప్రీంకోర్టు 1993లో సమర్థించినది.

ఈ పద్ధతి తరువాత దేశమంతటా వ్యాపించినది. 2015 నుండి ఈ విరామం రెండు తీరాలలోను 61 రోజులు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, పశ్చిమ తీరంలో జూన్ 1 నుండి జూలై 31 వరకు అమలులో ఉంటుంది. కేరళ తన తీరజలాలలో జూన్ 9 అర్ధరాత్రి నుండి 52 రోజులు పాటిస్తున్నది. ఇంజను లేని పడవలకు నిషేధం వర్తించదు.

కన్యాకుమారి యాత్ర (1989)

1989 ఏప్రిల్ 2న తూర్పు తీరం నుండి ఒక బృందం, పశ్చిమ తీరం నుండి మరొక బృందం బయలుదేరి తీరం వెంబడి ఊరూరా సభలు జరుపుతూ మే 1న కన్యాకుమారి చేరాయి. "నీటిని కాపాడండి, జీవాన్ని కాపాడండి" అన్నది యాత్ర నినాదం. తూర్పు బృందం బెంగాల్, ఒడిశా, ఆంధ్ర, తమిళనాడు తీరాలమీదుగా సాగినది. చేపల వేటతో పాటు నదుల కాలుష్యం, మడ అడవుల నరికివేత, అణువిద్యుత్ కేంద్రాల వేడి నీరు మొదలైన విషయాలను యాత్ర ముందుకు తెచ్చినది. ముగింపు సభనాడు పోలీసు కాల్పులు జరిగి కొందరు గాయపడ్డారు. అంతవరకు వృత్తి సమస్యగా కనిపించిన ఉద్యమం పర్యావరణ ఉద్యమంగా కూడ గుర్తింపు పొందినది ఈ యాత్రతోనే.

విదేశీ నౌకలకు వ్యతిరేకత

1991లో ఆర్థిక సంస్కరణలతో పాటు కేంద్రం కొత్త లోతు సముద్రవేట విధానాన్ని ప్రకటించి, విదేశీ కంపెనీలతో కలిసి నడిపే పెద్ద నౌకలకు అనుమతులు ఇచ్చినది. దీనికి వ్యతిరేకంగా 1994లో దేశవ్యాప్త సమ్మెలు జరిగాయి. ఈ పోరాటంలో, అంతకుముందు శత్రువులుగా ఉన్న చిన్న పడవలవారు, ట్రాలరు యజమానులు, చేపల శుద్ధి కర్మాగారాల కార్మికులు ఒకే వేదికమీదికి వచ్చారు. 1995లో థామస్ కోచేరి గుజరాత్‌లోని పోర్‌బందరులో నిరాహారదీక్ష చేశాడు. కేంద్రం మురారి అధ్యక్షతన కమిటీ వేసినది. 1996లో ఆ కమిటీ 21 సిఫారసులు చేసినది. విదేశీ భాగస్వామ్యపు అనుమతులను రద్దుచేయాలన్నది వాటిలో ముఖ్యమైనది.

రొయ్యల చెరువులు

1990వ దశకం ఆరంభంలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తీరాలలో ఉప్పునీటి రొయ్యల చెరువులు విపరీతంగా పెరిగాయి. చెరువుల ఉప్పునీరు ఊటగా దిగి ప్రక్క పొలాలను, మంచినీటి బావులను పాడుచేసినది. చెరువుల గట్లు అడ్డురావటంతో మత్స్యకారులకు సముద్రానికి వెళ్ళే దారులు మూసుకొనిపోయాయి. ఈ విషయమై సర్వోదయ నాయకుడు ఎస్.జగన్నాథన్ సుప్రీంకోర్టును ఆశ్రయించాడు. 1996 డిసెంబరు 11న కోర్టు తీర్పునిస్తూ, తీర నియంత్రణ మండలంలోను, చిలికా, పులికాట్ సరస్సులనుండి 1,000 మీటర్ల లోపలను పారిశ్రామిక రొయ్యల చెరువులు ఉండరాదని, పని కోల్పోయే కూలీలకు ఆరు సంవత్సరాల వేతనం పరిహారంగా ఇవ్వాలని ఆదేశించినది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టాన్ని చేసి, నమోదు పద్ధతిపై ఈ సాగుకు మరల అవకాశం కల్పించినది.

ఒడిశాలోని చిలికా సరస్సులో 1990వ దశకం మొదట ఒక పెద్ద పారిశ్రామిక సంస్థ తలపెట్టిన రొయ్యల పథకం ప్రజా ఆందోళనతో ఆగిపోయినది. అక్రమ రొయ్యల దడులపై పోరాటం మాత్రం కొనసాగినది. 1999 మే 29న సొరణ గ్రామంలో పోలీసు కాల్పులలో నలుగురు మరణించారు.

తీర నియంత్రణ చట్టాలు

1991 ఫిబ్రవరి 19న వెలువడిన తీర నియంత్రణ మండల ప్రకటన సముద్రపు పోటు గీత నుండి 500 మీటర్ల వరకు నిర్మాణాలను నియంత్రించినది. పడవలు లాగుకొనే ఇసుక, వలలు ఆరబెట్టే స్థలం, గుడిసెలు అన్నీ ఈ హద్దులోనే ఉంటాయి గనుక మత్స్యకారులకు ఇది రక్షణగా నిలిచినది. 2008లో ఈ ప్రకటనకు బదులు మరొక విధానాన్ని తేబోగా, సంఘాలవారు మే 1న గుజరాత్‌లోని జఖావ్ నుండి కోల్‌కతా వరకు యాత్ర జరిపారు. ఆ ప్రతిపాదనను మరుసటి సంవత్సరం విరమించుకొన్నారు. 2011 ప్రకటన తరువాత, 2019 జనవరిలో వెలువడిన కొత్త ప్రకటన జనసాంద్రత ఎక్కువగా ఉన్న గ్రామీణ తీరాలలో నిర్మాణ నిషేధ హద్దును 200 మీటర్ల నుండి 50 మీటర్లకు తగ్గించినది. పర్యాటక వసతులకు భూమి ఇవ్వటానికే ఈ మార్పు అని సంఘాలు విమర్శించాయి.

స్త్రీల పాత్ర

సముద్రం మీదికి వెళ్ళేది ఎక్కువగా పురుషులే అయినా, చేప ఒడ్డుకు చేరిన తరువాత పని స్త్రీలది. గంపలతో ఊళ్ళు తిరిగి అమ్మటం, ఉప్పుపట్టి ఎండబెట్టటం, వేట లేని రోజులలో ఇల్లు గడపటం వారి బాధ్యత. తిరువనంతపురం ప్రాంతంలో వాసన వస్తుందని చేపల గంపలతో బస్సు ఎక్కనివ్వకపోగా, అక్కడి స్త్రీలు ఊరేగింపులు జరిపి 1980వ దశకపు ఆరంభంలో తమకొరకు ప్రత్యేక బస్సు సాధించుకొన్నారు. మర పడవల సరుకు పెద్ద రేవులలో వేలానికి పోవటంతో ఒడ్డున చేప కొనుక్కొనే చిన్న వ్యాపారం దెబ్బతిన్నది. ఆ నష్టాన్ని ముందుగా గుర్తించినది ఈ స్త్రీలే.

ఆంధ్ర తీరం

వాడబలిజ, జాలరి, పట్టపు, పల్లెకారు మొదలైన సముదాయాలవారు ఈ తీరంలో వేట సాగిస్తున్నారు. ఒడిశాలోని గంజాం తీరం, పూరీలలో స్థిరపడిన తెలుగు మత్స్యకారులను అక్కడ నోళియాలంటారు. చిలికా పరిసరాలలోని మత్స్యకార సముదాయాలలో కూడ నోళియాలు ఉన్నారు.

శ్రీకాకుళం జిల్లాలో బీల అని పిలిచే చిత్తడి నేలలమీద రైతులు, మత్స్యకారులు కలిసి ఆధారపడి జీవిస్తారు. అక్కడ బొగ్గు విద్యుత్ కేంద్రాలు నిర్మించటాన్ని వారు ఎదిరించారు. 2010 జూలై 14న సోంపేటలోను, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోను పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టం సంభవించినది. సోంపేట కాల్పులు జరిగిన రోజునే అక్కడి పథకానికి ఇచ్చిన పర్యావరణ అనుమతి రద్దయినది.

వేట విరామకాలంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో కుటుంబానికి 10,000 రూపాయలు, 2025లో 20,000 రూపాయలు అయినది.

వాతావరణ న్యాయం

వాతావరణ మార్పుకు కారణమైన వాయువులను అతి తక్కువగా విడుదల చేసేవారే దాని నష్టాన్ని ముందుగా అనుభవించటం అన్యాయమన్నది వాతావరణ న్యాయమనే భావనకు ఆధారం. మత్స్యకారుల విషయంలో ఇది మూడు రూపాలలో కనిపిస్తుంది.

మొదటిది తుఫానులు. 2017 నవంబరు చివరలో వచ్చిన ఓఖీ తుఫానులో కేరళ, తమిళనాడు మత్స్యకారులు వందలమంది మరణించారు లేక గల్లంతయ్యారు. హెచ్చరిక వెలువడేసరికే అనేక పడవలు దూర జలాలలో ఉన్నాయి. వారికి వార్త చేరే సాధనం లేకపోయినది. మరుసటి సంవత్సరం, 2018 వరదలలో, అదే తీరపు మత్స్యకారులు తమ పడవలను లారీలలో వేసుకొని వెళ్ళి వేలాదిమందిని కాపాడారు.

రెండవది చేపల రాకలో మార్పు. కేరళలో సామాన్యుల ఆహారమైన నూనె కవళ్ళు 2012లో సుమారు 4 లక్షల టన్నులు పడగా, 2021లో 3,297 టన్నులు మాత్రమే పడ్డాయి. తరువాత కొంత పుంజుకొన్నా నిలకడ రాలేదు. సముద్రపు వేడిమి, ఎల్‌నినో, ఆహారపు కొరత, చేపపిల్లలను పట్టివేయటం ఇందుకు కారణాలుగా శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. చిన్న పడవలవారు చేపలను వెదకుతూ మరింత దూరం పోవలసి రావటంతో ఇంధనపు ఖర్చు పెరిగినది.

మూడవది తీరపు కోత. కాకినాడ సమీపంలోని ఉప్పాడలో ఇళ్ళు, రహదారి పలుమార్లు సముద్రంలో కలిసిపోయాయి. కేరళలోని విళింజం వద్ద నూతన ఓడరేవు వలన కోత పెరిగినదని ఆరోపిస్తూ 2022లో మత్స్యకారులు నెలల తరబడి ఆందోళన చేసి, డిసెంబరు 6న విరమించారు. ఆ రేవు 2025 మే 2న ప్రారంభమైనది.

అంతర్జాతీయ రంగం

1997 నవంబరు 21న ఢిల్లీలో వివిధ దేశాల మత్స్యకార సంఘాలు సమావేశమై ప్రపంచ వేదికను స్థాపించుకొన్నాయి. నవంబరు 21ని ప్రపంచ మత్స్య దినోత్సవంగా పాటించటానికి ఇదే మూలం. 1999లో కోచేరికి నార్వే దేశపు సోఫీ బహుమతి లభించినది. ట్రాలింగు విస్తరణకు దారితీసిన పథకమూ, దానిని ప్రశ్నించిన వ్యక్తికి గౌరవమూ ఒకే దేశం నుండి రావటం గమనార్హం. 2014 జూన్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మత్స్య సంఘం చిన్నతరహా మత్స్యవృత్తిపై మార్గదర్శకాలను ఆమోదించినది. ఇవి స్వచ్ఛందమైనవి, చట్టబద్ధం కావు.

ప్రపంచ వాణిజ్య సంస్థలో 2022 జూన్ 17న మత్స్య సబ్సిడీలపై ఒప్పందం కుదిరినది. ఇది 2025 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చినది. దూర సముద్రాలలో వేటాడే భారీ నౌకలకు ఇచ్చే రాయితీనీ, చిన్న పడవకు ఇచ్చే కిరోసిన్ రాయితీనీ ఒకే గాట కట్టరాదని భారత మత్స్యకార సంఘాల వాదన.

విమర్శలు, అంతర్గత సమస్యలు

"సాంప్రదాయిక" అనే మాట నేడు అంత స్పష్టమైనది కాదు. ట్రాలర్లతో పోటీపడలేక 1980వ దశకంలో నాటు పడవలకు కూడ ఇంజన్లు బిగించారు. కేరళలో అదే కాలంలో ప్రవేశించిన రింగు వలను వాడేది సాంప్రదాయిక మత్స్యకారులే. అది గుంపులను మొత్తంగా చుట్టివేయటం వలన చేపపిల్లలు కూడ పడతాయి. విశాఖపట్నంలో 2022 జనవరిలో రింగు వలల విషయమై మత్స్యకార గ్రామాల నడుమనే ఘర్షణ జరిగి పడవలు దగ్ధమయ్యాయి.

దీనికి పరిష్కారంగా కేరళ ప్రభుత్వం 2015 నుండి పట్టదగిన చేపలకు కనీస పొడవు నిర్ణయించినది. నూనె కవళ్ళకు 10 సెం.మీ., కానాగంతలకు 14 సెం.మీ. హద్దు. ఈ నియమం పడవ ఎవరిదన్నది చూడక అందరికీ సమానంగా వర్తిస్తుంది.

వేట విరామపు భృతి పడవలమీద వెళ్ళేవారి లెక్కన ఇవ్వటం వలన చేపలు అమ్మే స్త్రీలకు ఆ రోజులలో ఆధారం ఉండదన్నది మరొక విమర్శ.

ఫలితాలు

వేట విరామం, తీరజలాలలో చిన్న పడవలకు హద్దు, విదేశీ భాగస్వామ్య నౌకల నిలుపుదల ఈ ఉద్యమం సాధించిన ముఖ్య ఫలితాలు. అడవిబిడ్డలకు 2006 చట్టం ద్వారా అటవీ భూములపై హక్కు లభించినట్లు, మత్స్యకారులకు తీరభూమిపైన, తీరజలాలపైన హక్కు కల్పించే జాతీయ చట్టం మాత్రం రాలేదు. తరతరాలుగా నివసిస్తున్న ఇసుకమీద పట్టా లేకపోవటం వలన కోతకు ఇల్లు పోయినా, రేవుకు స్థలం పోయినా పరిహారం కోరటానికి చాలామందివద్ద కాగితం ఉండదు. ఇటువంటి చట్టం కావాలన్నదే నేడు సంఘాల ప్రధానమైన కోరిక.

ఇవి కూడా చూడండి

* మడ అడవులు
* పులికాట్ సరస్సు
* చిలికా సరస్సు
* విశాఖపట్నం మత్స్యరేవు
* ఉప్పాడ